ఐతారం పోగు

మా మోత్కూరు దిక్కు ‘ఐతారం ఏం కూర?’ అని ఎవరన్నా అడిగితే వంకాయనా బెండకాయనా అని అడిగినట్టు కాదు. మా దగ్గర కూర అంటేనే మాంసం, అందులోనూ యాట మాంసం. కోడి తెస్తే కోడికూర అని విడమరిచి చెప్పాలి. వంకాయ, బీరకాయ, సొరకాయలను వాటి పేర్లతోనే పిలుచుకుంటాం. వాటికి కూర అనే గౌరవం ఉత్తగనే ఇవ్వం. అలాంటి ఊళ్ళో ఈ పదేండ్లలో ప్రశ్నే మారిపోయింది. శనివారం రాత్రి ఇంట్లో పిల్లలు అడిగేది ‘ఏం కూర?’ అని కాదు, ‘రేపు తినడానికి యాడికి?’ అని.

ఆ మాటకు నేను ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. నా చిన్నప్పటి ఐతారం పోగుల దగ్గర మొదలయ్యేది. పోగు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తున్నది. మా వాడకట్టులో పది పన్నెండు ఇండ్లవాళ్ళు కలిసి ఒక యాటను మాట్లాడుకునేవాళ్ళు. పొద్దుగాల్నే వేపచెట్టు కింద కోసేవాళ్ళు. ఈతచాప పరిచి, మీద మోదుగాకులు వేసి, ఎన్ని ఇండ్లుంటే అన్ని పోగులు పెట్టేవాళ్ళు. తక్కెడ ఉండేది కాదు. అంతా చేతి లెక్క, కంటి లెక్క. ముందు మెత్తటి కండ, తర్వాత బొక్క ముక్కలు, ఆ తర్వాత కార్జం. కార్జం ఎంత చిన్నదైనా పన్నెండు ముక్కలు కావలసిందే. పెట్టే మనిషి ఈ పోగులోంచి ఒక ముక్క తీసి ఆ పోగులో వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, కన్ను చికిలించి చూసి, మళ్ళీ వచ్చి అదే ముక్కను ఇంకో పోగులోకి మార్చేవాడు. బంగారం తూచే అవుసులాయన కూడా అంత ఆలోచించడు.

అన్నీ సమానమయ్యాయని అందరూ తలూపాక నాలాంటి పిల్లగాణ్ణి పిలిచి, పోగుల దిక్కు వీపు పెట్టి నిలబెట్టేవాళ్ళు. వెనక ఒకాయన పుల్లతో ఒక పోగును చూపించి ‘ఇది ఎవరికిరా?’ అనేవాడు. నేను నోటికొచ్చిన ఇంటిపేరు చెప్పేవాణ్ణి. ఆ పోగు ఆ ఇంటిది. ఇక మారు మాట లేదు. పైసలు ఉన్నవాళ్ళు అప్పుడే ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు పంట మీద. నాకు తెలిసి నా చిన్నతనంలో నా మాట చెల్లిన చోటు అదొక్కటే.

ఈ ముచ్చట చెబితే విన్నవాళ్ళు ‘ఆహా, ఏం న్యాయం, ఏం రోజులు’ అంటారు. నేనూ చాలాకాలం అట్లనే చెప్పుకుంటూ తిరిగాను. కానీ మైకు ముందు కూసోని సగం మాటే చెప్పడం బాగుండదు. ఆ పన్నెండు పోగుల్లో దళితవాడ పోగు ఒక్కటి కూడా ఉండేది కాదు. చెప్పులు కుట్టినవాళ్ళకు, డప్పు కొట్టినవాళ్ళకు లెక్క వేరు, చోటు వేరు. అంత కచ్చితంగా సమానం చేసిన చెయ్యి ఆ గీత దగ్గరికి రాగానే ఆగిపోయేది. వీపు తిప్పి నిలబడ్డ నాకు వాళ్ళ ఇంటిపేర్లు నోటికి రాకపోవడానికి కారణం నేను వాటిని ఎన్నడూ వినకపోవడమే.

ఇంకొకటి. పోగుల దగ్గర ఆడమనిషి అనేది కనిపించేది కాదు. వాళ్ళ వంతు ఆ తర్వాత మొదలయ్యేది. మా అమ్మ కుడుకను నిప్పుల మీద కాల్చి, ధనియాలు వేయించి, అల్లం ఎల్లిగడ్డ రోట్లో వేసి నూరేది. కట్టెల పొయ్యి మీద యాటకూర ఉడకడానికి పొద్దు నడినెత్తి దాటేది. మొదట మా నాయిన, ఇంటికి వచ్చిన చుట్టాలు, తర్వాత పిల్లలం. అందరి చేతులు కడగడం అయ్యాక అమ్మ తలె ముందు పెట్టుకునేది. ఆ తలెలో షేర్వా చూసిన గుర్తు ఉంది. ముక్క చూసిన గుర్తు లేదు.

అసలు ఐతారం సెలవు కూడా మనకు పాతది కాదు. బొంబాయి మిల్లు కూలీల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి కొట్లాడితే 1890లో వాళ్ళకు ఆదివారం సెలవు దొరికింది. మా నిజాం రాజ్యంలో మాత్రం కచేరీలకు, బడులకు సెలవు జుమ్మానాడు, అంటే శుక్రవారం. రైతుకు అదీ లేదు, ఇదీ లేదు. ఆ రాజ్యం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబర్ తర్వాత గానీ ఈ ఐతారం మా దాకా వచ్చి నిలబడలేదు. దానితోపాటే పోగు కూడా ఐతారానికి ముడిపడి ఉంటుందని నా ఊహ.

ఇక హోటల్ సంగతి. అప్పట్లో హోటల్ అంటే తినాలని పోయే చోటు కాదు, తినక తప్పక పోయే చోటు. అంగడికి వచ్చినవాడు, కోర్టు పేషీకి భువనగిరి పోయేవాడు, బస్సు తప్పిపోయినవాడు హోటల్లో తినేవాళ్ళు. ఇల్లూ వాకిలీ ఉన్నవాడు హోటల్లో కనిపిస్తే ‘ఇంట్ల ఏమన్న లొల్లా?’ అని అడిగేవాళ్ళు. మా చిన్నప్పటి బస్టాండు హోటల్లో దొరికేవి మూడే మూడు: మిర్చి బజ్జి, పూరి, చాయ్. లోపల నాలుగు బెంచీలు. అర మీద ఒక రేడియో. బయట చూరు కింద ఒక కొయ్యకు వేలాడే గ్లాసులు కొన్ని.

ఆ బయటి గ్లాసులు ఎవరివో పెద్దవాళ్ళైన శ్రోతలకు చెప్పనక్కరలేదు. దళితవాడ నుంచి వచ్చిన మనిషి తన గ్లాసు తానే తీసుకొని, తానే కడుక్కొని, చూరు కింద నిలబడి తాగి, మళ్ళీ అక్కడే తగిలించి పోవాలి. లోపలివాళ్ళ పైసలూ బయటివాళ్ళ పైసలూ ఒకే గల్లాపెట్టెలో పడేవి. పైసలకు మైల లేదు మరి. ఆ హోటల్లో లోపలా బయటా సమానంగా అందింది ఒక్క రేడియో మాత్రమే. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ వార్తలు చదువుతుంటే లోపల కూసున్నవాడూ బయట నిలబడ్డవాడూ ఒకే తీరుగా చెవులు రిక్కించేవాళ్ళు. ఆ గొంతుకు గోడ అడ్డం రాలేదు.

మీరు ఎప్పుడన్నా గమనించారో లేదో, మన రాజ్యాంగంలో హోటల్ ఉంది. 15వ అధికరణం తీసి చూడండి. మతం, కులం, ఆడా మగా, పుట్టిన చోటు వంటి తేడాలు చూపించి దుకాణాల్లోకి, రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి ఎవరినీ రానీయకుండా ఆపరాదని అక్కడ రాసి ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. అంతంత పెద్ద మాటల నడుమ పూరి, చాయ్ దొరికే చోటు ఎందుకు వచ్చి కూర్చుందో ఆ కొయ్యకు వేలాడిన గ్లాసు చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఆ తర్వాత 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. చట్టం వచ్చిన ఎన్నేండ్లకు మా హోటల్ చూరు కింది గ్లాసులు పోయాయో నేను లెక్క పెట్టలేదు. పోయిన రోజు మాత్రం ఎవరూ దండోరా వేయలేదు. ఒకనాడు చూస్తే కొయ్య ఖాళీగా ఉంది.

బయట పైసలిచ్చి అన్నం తినడం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. పాలమూరు దిక్కు పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు పాత కావ్యాల్లో రాజుల కంటే వంటిండ్లనే ఎక్కువ గాలించారేమో అనిపిస్తుంది. వాటిలో ఒకటైన ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు తిరిగి తిరిగి ఆకలేస్తే పూటకూళ్ళ ఇంటి మాట వస్తుంది. ఒక్క రూకకు సన్నబియ్యం అన్నం, గోధుమ పిండివంట, చక్కెర, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర గడ్డపెరుగు. ఆరువందల ఏండ్ల కిందటి ఫుల్ మీల్స్ అది. చదివితే నోరూరుతుంది. అయితే ఆ పంక్తిలో ఎవరిని కూసోనిస్తారో ఎవరిని కూసోనియ్యరో కవి చెప్పలేదు. ఆ కాలంలో అది చెప్పాల్సిన సంగతే కాదు.

ఇప్పుడు మా మోత్కూరుకు వద్దాం. 2016 అక్టోబర్ 11న నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చాం. 2018లో మున్సిపాలిటీ అయ్యాం. పత్తి, వడ్లు అమ్ముకునే ఊరు. బిక్కేరు వాగు ఇసుక ఎంత పేరు పడ్డదో, ఊరు అంత పేరు పడలేదు. ఇలాంటి ఊళ్ళలో ఈ మధ్య పుట్టిన బోర్డు ఒకటుంది. ‘ఫ్యామిలీ రెస్టారెంట్.’ ఈ ఫ్యామిలీ అనే మాట పట్నంవాళ్ళకు అలంకారంగా కనిపించవచ్చు. మాకు అది అవసరం. ఎందుకంటే మా దిక్కు రెస్టారెంట్ అనే మాట ఒంటరిగా వచ్చింది కాదు, ‘బార్ అండ్ రెస్టారెంట్’ అని జంటగా వచ్చింది. రెస్టారెంటుకు పోయిండంటే తాగడానికి పోయిండని అర్థం. అందుకని ఇక్కడ సీసాలు ఉండవు, మీ ఇంటి ఆడవాళ్ళను తీసుకొని రావచ్చు అని చెప్పడానికి బోర్డు మీద ఆ ఒక్క మాట రాయాల్సి వచ్చింది. అది మెనూ కంటే ముందు చదవాల్సిన మాట.

పోయిన నెల ఒక ఐతారం మా అమ్మను అలాంటి చోటికి తీసుకుపోయాను. అమ్మకు ఎనభై దగ్గరపడింది. నా భార్య, కొడుకు, బిడ్డ, నేను. బయల్దేరే ముందు అమ్మ లెక్క అమ్మకుంది. ‘గన్ని పైసలు ఆడ వోస్తే ఇంట్ల కిలోన్నర కూర అస్తది గదరా.’ నిజమే, వస్తుంది. నా భార్య వెంటనే ‘అస్తది అత్తమ్మా, వండేది ఎవరు?’ అన్నది. అమ్మ ఇంకేం మాట్లాడకుండా కొత్త చీర తీసింది.

మేం పోయేసరికి రెండు కావస్తున్నది. ఐతారం కదా, మెట్ల దాకా జనం. చేను పనుల మీద ఉన్నవాళ్ళు, టీచర్లు, యాదగిరిగుట్టకు పోయి దర్శనం చేసుకొని వస్తున్నవాళ్ళు. గుట్ట నుంచి వచ్చినవాళ్ళలో కొందరు పప్పు, పెరుగన్నంతో సరిపెట్టుకుంటే కొందరు ‘గుట్ట దిగినం గదా’ అని బిర్యానీ చెబుతున్నారు. శ్రావణంలో, కార్తీకంలో, అయ్యప్ప మాలల కాలంలో ఇదే హాల్లో ఈగలు తోలుకోవాలని గల్లా దగ్గర కూసున్నాయన చెప్పాడు. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ భయం వచ్చినప్పుడు కోడి వంకే ఎవరూ చూడలేదట. మటన్ టేబుళ్ళు మాత్రం నిండాయట. భయం కూడా మనకు మేలే చేస్తుంది చూడండి, యాట తినడానికి ఒక సాకు దొరుకుతుంది.

పిల్లలు మండి తిందామన్నారు. మండి అంటే యెమెన్ వంట. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన హద్రమౌత్ అరబ్బుల బారకాసులున్న చోటు హైదరాబాదులో బార్కాస్ అయింది. ఆ బార్కాస్ వీధుల్లోంచి అది నగరమంతా పాకి, ఇప్పుడు మండల కేంద్రాల దాకా వచ్చింది. 2019లో యునెస్కో హైదరాబాదును వంటల నగరంగా తన జాబితాలో చేర్చింది. దానికి బిర్యానీ, హలీంల పేరే అందరూ చెబుతారు గానీ, గడిచిన ఐదారేండ్లలో తెలంగాణ పల్లెపిల్లల్ని పట్టుకున్నది మాత్రం ఈ మండి. ఎందుకో నాకు తెలుసు. మండిని కింద పరుపులు వేసిన గదిలో, ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూసోని తినాలి. పిల్లలకు అది ఆట. మా అమ్మ ఆ గదిలోకి తొంగి చూసి ‘నాతోటి కాదు బిడ్డా’ అన్నది. డెబ్బై ఏండ్లు నేల మీదనే కూసోని తిన్న మనిషి. ఇప్పుడు మోకాళ్ళు వంగవు, కుర్చీ కావాలి. కుర్చీల మీద పుట్టి పెరిగిన మనుమలు నేల మీద కూసోవడానికి పైసలు ఇస్తామంటున్నారు.

సరే, పళ్ళెం టేబుల్ మీదికే తెప్పించుకున్నాం. మెనూలో జొన్నరొట్టె కూడా ఉంది. ఒక్కటి ముప్పై రూపాయలు. అది చదివి వినిపిస్తే అమ్మ నవ్వు ఆపుకోలేదు. మా చిన్నప్పుడు జొన్నరొట్టె, గటక పేదింటి తిండి. వరి బువ్వ పండుగ తిండి. పోగు తెచ్చిన ఐతారం మా ఇంట్లో సన్నబియ్యం ఉడికేవి కావు, జొన్నరొట్టెను షేర్వాలో తుంచి నానబెట్టుకొని తినేవాళ్ళం. ఇప్పుడు అది ‘స్పెషల్’ కింద అచ్చయింది. నాలుగు తెప్పించాను, తోడుగా యాటకూర. రొట్టె పలుచగా, గుండ్రంగా, అచ్చు పోసినట్టు వచ్చింది. అమ్మ అంచు తుంచి వేళ్ళ మధ్య నలిపి చూసి, ‘గోధుమపిండి కలిపిండ్రు’ అని తేల్చింది. అడిగితే వంటాయన ఒప్పుకోలేదు. నేనైతే అమ్మ దిక్కే.

మండి వచ్చింది. తాంబాళమంత పళ్ళెం. పొడుగు బియ్యం, పైన కోడి ముక్కలు, వేయించిన ఉల్లిగడ్డ, పక్కన ఎర్ర చట్నీ. ఇదివరకు తెల్లగా మయోనైజ్ కూడా ఇచ్చేవాళ్ళు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించినప్పటి నుంచి కొన్నిచోట్ల దాని బదులు గుడ్డు లేనిది పెడుతున్నారు. ఇక్కడా అదే పెట్టారు. అమ్మ దాన్ని చూసి ‘మీగడనా?’ అని అడిగింది. కాదన్నాం. పక్కకు జరిపింది.

కానీ అసలు చిక్కు పళ్ళెం దగ్గర వచ్చింది. ‘అందరం ఒక్క తల్లెల్నేనా? ఎంగిలి కాదా?’ అన్నది అమ్మ. మనుమరాలు ‘అట్లనే తినాలె నానమ్మా, గదే మండి’ అన్నది. అమ్మ కాసేపు పళ్ళెం దిక్కు చూసింది. ఆ తర్వాత సర్వర్ పిల్లగాణ్ణి పిలిచి ఐదు ఖాళీ ప్లేట్లు తెమ్మన్నది. తెచ్చాక చీర కొంగు బొడ్లో దోపి, గరిటె అందుకొని వడ్డన మొదలుపెట్టింది. ఒక్కో ప్లేటులో ఒక కండ ముక్క, ఒక బొక్క ముక్క. ఈ ప్లేటులోంచి తీసి ఆ ప్లేటులో వేయడం, కొంచెం వెనక్కి ఒరిగి కన్ను చికిలించడం. నేను చెంచా పట్టుకొని అట్లనే చూస్తుండిపోయాను. పోగుల దగ్గర ఆడమనిషి ఉండేది కాదని మీకు ఇందాక చెప్పాను కదా. మరి ఆ విద్య మా అమ్మకు ఎక్కడి నుంచి వచ్చింది? కిటికీ చాటు నుంచి చూసి ఉండాలి. ఐదు ప్లేట్లూ సమానమయ్యాయి. తన ప్లేటులో కూడా కండ ముక్క వేసుకున్నది. దానిమీద నేను గాని నా భార్య గాని ఏమీ అనలేదు.

మా పక్క టేబుల్ మీద మా ఊరాయన ఒకరు ఇంటిల్లిపాదితో కూసున్నారు. దళితవాడ ఆయన. నాకంటే రెండేండ్లు పెద్ద. ఆయన తండ్రి చూరు కింద నిలబడి చాయ్ తాగడం నేను చూసినవాణ్ణే. ‘బాగున్నవా పెద్దమ్మా’ అని అమ్మను పలకరించి, ‘కూర ఉప్పు ఎక్కువైంది, చెప్పుండ్రి’ అని మాకు ముందే హెచ్చరిక చేసి, సర్వర్‌ను గట్టిగా కేకేసి ఇంకో గిన్నె సాలన్ తెప్పించుకున్నాడు. ఆ కేక నాకు చాలా నచ్చింది. సాలన్ బాగాలేదు. యాట కూరలో మా ఇంటి కుడుక వాసన లేదు, అన్ని హోటళ్ళ గ్రేవీ ఒకటే అన్నట్టుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఆ వేపచెట్టు కింద అంత నిజాయితీగా పెట్టిన పన్నెండు పోగులు చేయలేని పని ఒకటి ఈ ఉప్పెక్కువైన హోటల్ చేసిందని కూడా ఒప్పుకోవాలి. ఇక్కడ కూసోవడానికి ఇంటిపేరు ఎవరూ అడగలేదు. జేబు అడిగారు. జేబు లేనివాడు మెట్లు ఎక్కనే ఎక్కడు, అది వేరే గీత. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

మాకు వడ్డించిన పిల్లగాడికి పద్దెనిమిది, పందొమ్మిది ఉంటాయి. జార్ఖండ్ నుంచి వచ్చానన్నాడు. వాడికి వచ్చిన తెలుగు అంతా టేబుల్ మీది తెలుగే. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, ఇంకో ప్లేటా, పార్సిలా. అమ్మ ‘నువ్వు తిన్నవా బిడ్డా?’ అని అడిగితే అర్థం కాక ‘క్యా చాహియే?’ అన్నాడు. మా నాయిన ఉండి ఉంటే జవాబు చెప్పేవాడు. నిజాం కాలం బడిలో ఉర్దూలో చదువుకున్న మనిషి ఆయన. నేను నాకొచ్చిన అరకొర హిందీలో అడిగి చెప్పాను. వాడు చేతివేళ్ళు నాలుగు చూపించాడు. నాలుగింటికి తింటారట. పొద్దున పదకొండు నుంచి నిలబడే ఉంటారట. అమ్మ ‘అయ్యో’ అని కూడా అనలేదు. గ్లాసులో నీళ్ళు తాగి, వాడి దిక్కే చూస్తూ కూసున్నది. అందరి చేతులు కడగడం అయ్యాక తలె ముందు పెట్టుకోవడమంటే ఏమిటో ఆ టేబుల్ దగ్గర తనకే బాగా తెలుసు.

బిల్లు వచ్చింది. ఐదు శాతం జీఎస్టీతో కలిపి పద్నాలుగు వందలు దాటింది. ఎంతయిందో అమ్మకు చెప్పలేదు. మిగిలిన అన్నం, రెండు బొక్క ముక్కలు వెండి రంగు డబ్బాలో కట్టించుకున్నాం. అమ్మకు మెట్లు దిగడం కష్టమని ఒక్కో మెట్టు పట్టుకొని దింపేసరికి జనం పలచబడ్డారు. కింద కారు దగ్గరికి వచ్చాక అమ్మ కళ్ళజోడు లోపల మరిచిపోయానన్నది. నా కొడుకు పైకి పరిగెత్తాడు. వాడు తలుపు తెరిచినప్పుడు కింది నుంచి లోపలి టేబుళ్ళు కనిపించాయి. మేము లేచిన టేబుల్ దగ్గర సర్వర్ పిల్లలు నలుగురు, వంటాయన ఒకరు కుర్చీలు జరుపుకుంటున్నారు. మాకు వడ్డించినవాడు నడుముకున్న తువ్వాల విప్పి కుర్చీ వీపు మీద వేశాడు.

‘కూసున్నరు పోరగాండ్లు’ అని కారు తలుపు పట్టుకొని అన్నది మా అమ్మ.